కాజాలక్క చూసిన కోటాయన సినిమా

కాజాలక్క పెళ్ళి చేసుకోకపోవడానికి వీధిలో తలొక కారణం చెబుతారు. పొగరని ఒకరంటారు, అన్న పిల్లల మీద మమకారమని ఇంకొకరంటారు. అసలు కారణం ఆమె ఒక్కతెకే తెలుసు. నిద్రలో మాట్లాడతానేమోనని భయం. పక్కన పడుకున్నవాడు వింటాడేమోనని భయం.

మాట్లాడితే ఏం మాట్లాడుతుంది? ఒకే ఒక్క మాట. ముప్పై ఐదేళ్ళ కిందట, పదిహేడేళ్ళ వయసులో, ఒక పోలీసాయన చొక్కాకి ఊడిపోయిన గుండీ కుడుతూ, తల ఎత్తకుండా అన్న మాట: "శుక్రవారం పదకొండింటికి ఆయన కోటు ట్రయలండీ."

ఆ మాట వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది. ఇంకో మనిషి కాళ్ళు పోయాయి.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించి అన్నయ్య ఆమెని కొట్లో కూర్చోబెట్టాడు. అన్నయ్య కోట్లు కుట్టేవాడు. ఆమెకి కాజాల పని. గుండీ దూరే కన్నాన్ని కత్తెర మొనతో కోసి, దాని చుట్టూ దారంతో సన్నని గట్టు కట్టాలి. కోసేది క్షణం, కట్టేది అరగంట. కోసిన కాజా మళ్ళీ అతకదు కాబట్టి ఈ పనికి నోరు పనికిరాదు, చూపు కావాలి. ఆమెకి ఉన్నదే అది. లోపలి గదిలో, తెర వెనక కూర్చుని, కొట్లోకి ఎవరొచ్చారో, ఎవరి చెప్పులు అరిగాయో, ఎవరి గొంతులో అబద్ధముందో గమనించేది. అలా కాజాలక్క అయింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ రోజుల్లో ఆ వీధినీ, దాని చుట్టూ పది వీధుల్నీ కోటాయన ఏలాడు. మండుటెండలో కూడా బూడిదరంగు కోటు విప్పేవాడు కాదు, అందుకే ఆ పేరు. ఆయన కారు మలుపు తిరగ్గానే మొదటి కొట్లో కుట్టుమిషను ఆగిపోయేది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. కళ్ళు మూసుకుని కూర్చున్నా, ఆగుతున్న మిషన్లని బట్టి ఆయన ఎక్కడిదాకా వచ్చాడో చెప్పొచ్చు. ఏడో మిషను అన్నయ్యది. అది ఆగిందంటే కాజాలక్కకి నోట్లో తడి ఆరిపోయేది.

కోటాయనకి కుడిచేతి బొటనవేలు లేదు. ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో అడిగినవాడు లేడు. ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే. మగవాళ్ళ కోటుకి ఎడమవైపు కాజాలు, కుడివైపు గుండీలు ఉంటాయి. ఆయన ఎడమచేత్తో పెట్టుకోవాలి కాబట్టి అన్నయ్య తిరగేసి కుట్టేవాడు. కాజాలు కుడివైపు, అచ్చం ఆడవాళ్ళ కోటులా. ఎవరైనా నవ్వారా అంటే, నవ్వాలంటే ముందు ఆ కోటు వంక తేరిపార చూడాలి కదా. అంత ధైర్యం ఎవరికుంది?

ఒక ట్రయల్ నాడు భుజం దగ్గర బిగువుగా ఉందన్నాడు కోటాయన. తిట్టలేదు, అరవలేదు. పక్కనే కాలుతున్న ఇస్త్రీపెట్టె తీసి, బల్ల మీదున్న అన్నయ్య ఎడమచేతి మీద పెట్టాడు. బట్ట మీద పెట్టినంత మామూలుగా పెట్టాడు.

"మళ్ళీ శుక్రవారం పదకొండింటికి చూద్దాం," అని వెళ్ళిపోయాడు.

తెర వెనక కాజాలక్క చేతిలో సూది అలాగే ఉండిపోయింది. మంగళవారం గుండీ కుట్టించుకోవడానికి పోలీసాయన వచ్చాడు. అన్నయ్య కట్టు మార్పించుకోవడానికి వెళ్ళాడు. కొట్లో ఆమె ఒక్కతే.

ట్రయల్ కోటంటే కోటు కాదు, బోను. పచ్చి కుట్లు, పొడుగునా గుండుసూదులు. చేతులు పైకెత్తితే గుచ్చుకుంటాయి, వెనక్కి తిప్పితే చంకలు పట్టేస్తాయి. జేబులు కూడా అప్పటికి ఉండవు. శుక్రవారం పదకొండింటికి కోటాయన చేతులు రెండూ ఆ కోట్లో ఉండగా పోలీసులు లోపలికి వచ్చారు. తెర సందులోంచి ఆమె చూసింది. బొటనవేలు లేని చెయ్యి గాల్లో జేబు కోసం వెతికింది. వీధిలోకి లాక్కెళ్ళారు. రెండు చప్పుళ్ళు వినిపించాయి. అంతే.

ఆ ట్రయల్ వేళ ముందుగా తెలిసినవాళ్ళు నలుగురే. కోటాయన, అన్నయ్య, ఆమె, గొళ్ళెం. గొళ్ళెమంటే కోటాయన ఎక్కడికెళ్తే అక్కడ గుమ్మంలో నిలబడే మనిషి. వాడు అడ్డంగా నిలబడితే తలుపుకి వేరే గడియ అక్కర్లేదని ఆ పేరు పెట్టారు. ఆచూకీ ఎవరు చెప్పారో తేలుస్తానని ఊరంతా గోల చేసింది కూడా గొళ్ళెమే. ఎదురుగా టీకొట్టు మనిషి ఆ పొద్దున ఎవరితోనో గుసగుసలాడాడని ఎవరో అన్నారట. పట్టపగలు గొళ్ళెం మనుషులు ఆయన కాళ్ళు విరగ్గొట్టారు. కాజాలక్క ఆ కేకలు విన్నది. లేచి "నేనే" అనడానికి నోరు రాలేదు.

నెల తిరక్కుండా అన్నయ్య కొట్టు మూసి ఊరి ఆ చివరికి మార్చేశాడు. పాత వీధి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నాడు. చెల్లెల్ని ఏమీ అడగలేదు. పదేళ్ళ కిందట పోయేవరకూ అడగలేదు. అడిగుంటే బాగుండేదని ఆమెకి ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇప్పుడు కొట్టు మేనల్లుడిది. వాడికి ఈ గొడవలేమీ తెలియవు. తండ్రి చేతి మీది మచ్చ ఇస్త్రీ చేస్తూ కాల్చుకున్నదని నమ్మిన పిల్లవాడు, అలాగే పెద్దవాడయ్యాడు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం సినిమా కంపెనీ డ్రెస్సుల మాస్టారు కొట్లోకి వచ్చాడు. చేతిలో పాత పత్రికలోంచి తీసిన ఫోటో.

"ఈ కోటు కావాలి బాబూ. అచ్చం ఆ కాలం కుట్టు. మిషన్ కాజా అయితే కెమెరా ఇట్టే పట్టేస్తుంది. ఊళ్ళో చేత్తో కాజా కట్టేది మీ ఇంట్లోనే అట?"

"మా అత్త ఉంది సార్. కాజా కట్టిందంటే కోటు చిరగాలి గాని కాజా చెదరదు," అన్నాడు మేనల్లుడు. "ఎవరు సార్ ఈయన?"

"కోటాయనయ్యా! పేరు వినలేదా? పెద్ద బొమ్మ తీస్తున్నాం. ఆయన కుడిభుజం గొళ్ళెంగారు బతికే ఉన్నారు, కథంతా ఆయనే చెప్పారు. ఇదిగో, ఈ ఫోటో తిరగేసి అచ్చేశారు ఆ కాలం వాళ్ళు. గుండీలు అటుది ఇటు పడ్డాయి. మేం సరిచేసుకున్నాంలే."

తెర వెనక కాజాలక్క పైప్రాణాలు పైనే పోయాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ పిలవకుండానే "నాకు చూపానడం లేదురా, వేరేవాళ్ళని చూసుకోమను," అంది.

మేనల్లుడు తెర తీసి నవ్వాడు. "నిన్న నా షర్టు మీద చీమ పాకుతోందని ఇక్కణ్ణించి చెప్పావు కదత్తా. ఇవాళ చూపానట్లేదా?"

ఒప్పుకోక తప్పలేదు.

పాత కోత కోసం మేనల్లుడు తండ్రి పెట్టెలోంచి మందపాటి కాగితం నమూనాలు తీశాడు. పేరు లేని ఒక నమూనా ఫోటోకి సరిగ్గా సరిపోయింది. ఎందుకు సరిపోయిందో వాడికి తెలియదు. బట్ట కూడా అదే బూడిదరంగు. ముందు పక్క ముక్కలు రెండూ ఒళ్ళో పడేసరికి కాజాలక్క చేతులు ఆమెని అడగడం మానేశాయి. సుద్దగీత ఆమెకెప్పుడూ అక్కర్లేదు, వేలి కణుపే కొలత. నాలుగు కన్నాలు టకటకా కోసేసి, మొదటి దానికి గట్టు కట్టడం పూర్తిచేసి, ముక్క ఎత్తి పట్టుకుంది.

కాజాలు కుడివైపు ఉన్నాయి.

ముప్పై ఐదేళ్ళు నోరు మూసుకుంది గాని చేతుల్ని మూసుకోలేకపోయింది. ఆ బట్ట ఇంకొక మీటరు ఎక్కడా లేదు, రంగు వేయించి తెప్పించారు. మర్నాడే షూటింగు.

డ్రెస్సుల మాస్టారు కోటు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఆడాళ్ళ కోటు కుట్టిచ్చారేంటమ్మా!"

"పొరపాటైంది బాబూ," అంది ఆమె.

"మా హీరోకి అసలే చేతులు ఎటు పెట్టాలో తెలియదు. ఇక ఇది తొడిగితే చూడండి తమాషా," అంటూనే పట్టుకెళ్ళాడు. చేసేదేముంది?

రెండు రోజుల తర్వాత ఫోను చేశాడట. హీరో ఆ గుండీలతో కుస్తీ పట్టడం డైరెక్టరుకి తెగ నచ్చి, కెమెరా దగ్గరగా పెట్టి మరీ తీశారట. మేనల్లుడు సంబరపడిపోయాడు. కాజాలక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

సినిమా వచ్చే దాకా ఆమెకి రోజూ ఒకటే ఆలోచన. ఆచూకీ చెప్పింది ఎవరని చూపిస్తారు? తెర, తెర వెనక ఒక పిల్ల, పోలీసు చొక్కా. ఎవరికైనా తెలుసా? ఆ పోలీసాయన ఎవరికైనా చెప్పాడా? రోడ్డు మీద పోస్టరు కనబడితే తల వంచుకుని పోయేది. పోస్టరు మీద కోటాయన మాత్రం ఆమెనే చూసేవాడు.

మొదటివారం మ్యాట్నీకి మేనల్లుడూ, వాడి భార్యా ఆమెని ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నారు. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది.

మొదటి పావుగంట నిజంగానే భయం వేసింది. ఆ వీధిని మళ్ళీ కట్టారు. ఏడు కొట్లు, ఏడు మిషన్లు, బొగ్గుల ఇస్త్రీపెట్టె. కారు మలుపు తిరిగింది. ఆమె మేనల్లుడి భార్య మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు మొదటి మిషను ఆగుతుంది. ఇప్పుడు రెండోది.

మిషన్లు ఆగలేదు. బాజాలు మోగాయి. హీరో కారు దిగి సిగరెట్టు గాల్లోకి ఎగరేసి నోటితో పట్టుకున్నాడు. వీధంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఇక అంతే. పాత కార్లు, పొగ, తళతళలాడే బూట్లు, గంటకోసారి పాట. కోటాయన పేదలకి పంచిపెట్టాడు, ముసలమ్మలకి మొక్కాడు. నాట్యకత్తె ఒకతి ఆయన్ని ప్రేమించి, అలిగి, పోలీసులకి పట్టించింది. చివర్న వానలో వంతెన మీద, రెండు చేతుల్లో రెండు తుపాకులతో, ఇరవై మందిని కాల్చి మరీ పడ్డాడు. ఒక గుమ్మం దగ్గర గొళ్ళెం వేషం వేసిన కండల మనిషి ఒళ్ళంతా తూటాలతో తలుపు వదలకుండా నిలబడ్డాడు.

"అన్ని తూటాలు తగిలినా హీరో క్రాపు చెదరలేదు చూశావా అత్తా," అన్నాడు మేనల్లుడు చెవిలో.

వెనక వరసలోంచి ఎవరో ఆవులించారు. "కోటు బాగుందిరా. లోపల మనిషుంటే ఇంకా బాగుండేది."

కాజాలక్కకి గుండె తేలికపడాలి. పడింది కూడా. నాట్యకత్తె మీదికి పోయింది నేరం, ఆమె పేరు గాలికి కూడా సోకలేదు. కాని ఆ తేలికతనం కింద ఇంకేదో రగిలింది. ఇంత పెట్టి, ఇంతమందిని కూడేసి, కొండను తవ్వి ఎలుకను పట్టారు. మొత్తం సినిమాలో భయపడ్డ మనిషి ఒక్కడు లేడు. భయపడేవాళ్ళని చూపించకపోతే భయపెట్టేవాడు ఎక్కణ్ణించి వస్తాడు? అన్నయ్య చెయ్యి లేదు. టీకొట్టు ఉంది గాని టీకొట్టు మనిషి నవ్వుతూ గ్లాసులు కడుగుతున్నాడు, రెండు కాళ్ళ మీద నిలబడి.

నిజం ఒక్కచోటే కనబడింది. తెర నిండా హీరో చేతులు, తిరగేసిన గుండీలతో తడబడుతూ. ఆమె కళ్ళు మూసుకుంది.

పది రోజుల తర్వాత, పొద్దున్నే కొట్టు తీయగానే, చేతికర్ర పట్టుకున్న పెద్దమనిషి లోపలికి వచ్చాడు. తెల్లబట్టలు, నున్నగా దువ్విన తల. పత్రికల్లో చూసిన ముఖమే కాబట్టి మేనల్లుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"గొళ్ళెంగారు! రండి రండి, కూర్చోండి సార్. సినిమాలో మీ సీను అదిరిపోయింది సార్!"

"ఏదో, అభిమానం," అన్నాడాయన. కళ్ళు తెర మీదే ఉన్నాయి. "ఆ కోటు ఇక్కడే కుట్టారని మాస్టారు చెప్పాడు. కాజాలు ఎవరివి?"

"మా అత్తవి సార్. అత్తా! ఇలా రా, ఎవరొచ్చారో చూడు!"

రాక తప్పలేదు. ఆయన ఆమె ముఖం వంక చాలాసేపు చూశాడు.

"మీ నాన్నగారు ఏ వీధిలో ఉండేవారు బాబూ, పూర్వం?" అని మేనల్లుణ్ణి అడిగాడు గాని చూపు ఆమె మీంచి తీయలేదు.

"నాకు గుర్తు లేదండీ. మా అత్తకే తెలియాలి."

"సరేలే. నాకూ ఒక కోటు కావాలి. ట్రయల్ ఎప్పుడు రమ్మంటారు?"

మేనల్లుడు పంచాంగంలో ముహూర్తం వెతికినంత శ్రద్ధగా డైరీ తిరగేసి, "శుక్రవారం, పదకొండింటికి సార్," అన్నాడు. పాపం, వాడికేం తెలుసు.

ఆ నాలుగు రోజులు కాజాలక్క బతికింది అనడానికి లేదు. పారిపోదామా అంటే ఎక్కడికి? మేనల్లుడికి చెబుదామా అంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి? 'ఎవరు చెప్పారు' అని గొళ్ళెం అడుగుతాడు. ముప్పై ఐదేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబులు తయారుచేసుకుంటూనే ఉంది. నాకు తెలియదండీ. నేను చిన్నపిల్లనండీ. మా అన్నయ్య కాదండీ. అన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పుకుని చూసింది. ఒక్కటీ నోట్లో నిలవలేదు.

శుక్రవారం చెప్పిన వేళకే గొళ్ళెం వచ్చాడు. పచ్చి కుట్ల కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "బాబూ, నా మందులు కారులో మర్చిపోయాను. కారు సందులోకి రాదని మెయిన్ రోడ్డు మీద ఆపాడు డ్రైవరు. కాస్త తెచ్చిపెడతావా?" అన్నాడు.

"దానికేం సార్!" అంటూ మేనల్లుడు పరిగెత్తాడు.

గుండుసూదులు పెట్టే పని కాజాలక్క మీద పడింది. నాలుగు సూదులు పెదాల మధ్య పట్టుకుని, ఆయన వెనక్కి వెళ్ళి, భుజం దగ్గర ఒకటి గుచ్చింది.

"ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అన్నాడాయన, అద్దంలోకి చూస్తూ.

సూదులు నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. "లోపలి గదిలో."

"తెర ఉండేది."

"ఉండేది."

"తెర సందులోంచి..." ఆగాడు. "వీధి గుమ్మం కనబడేదా?"

ఆమె తయారుచేసుకున్న జవాబుల్లో దీనికి జవాబు లేదు. తల ఎత్తి అద్దంలోకి చూసింది. పెద్దమనిషి నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచింది. కింది పెదవి అదురుతోంది. అప్పుడర్థమైంది ఆమెకి. ఈయన వెతుకుతున్నది ఆచూకీ చెప్పినవాళ్ళని కాదు. గుమ్మం ఖాళీగా ఉండటం చూసినవాళ్ళని.

"సినిమా నాలుగుసార్లు చూశాను," అన్నాడు మెల్లగా. "మొదటిసారి ఆ గుండీలు చూసినప్పుడే నాకు ఒళ్ళు చల్లబడింది. ఆయన బొటనవేలు సంగతి నేనెవరికీ చెప్పలేదే! మరి ఈ కోటు ఎవరు కుట్టారు? ఆ కొట్లో ఇంకా ఎవరో మిగిలున్నారు అనుకున్నాను. చెప్పమ్మా. కనబడిందా, లేదా?"

లేదు అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కాని లేదంటే ఈయన నమ్మడు. భయపడ్డవాడికి 'లేదు' సరిపోదని ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? మళ్ళీ వస్తాడు. ఇవాళ మందులు, రేపు ఇంకొకటి. ఇంకో నాడు తను రాడు, మనుషుల్ని పంపుతాడు. అప్పుడు మేనల్లుడి కాళ్ళు.

"కనబడింది," అంది. "మీరు లేరు."

కోట్లో ఆయన చేతులు ఒక్కసారి బిగుసుకున్నాయి. సూది గుచ్చుకున్నట్టుంది, అబ్బా అన్నాడు.

"మలుపులో పోలీసు టోపీలు చూశాను," అన్నాడు. "కేకేద్దామనుకున్నాను. కాళ్ళు నా మాట వినలేదు. ఆ తర్వాత ఎవడూ నన్ను అడగకుండా నేనే అందర్నీ అడగడం మొదలుపెట్టాను. ఆ టీకొట్టు వాడు..." అక్కడితో ఆపేశాడు. "ఎవరికి చెప్పావు?"

"ముప్పై ఐదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇక ముందూ చెప్పను." ఆమె గొంతు ఆమెకే వేరేవాళ్ళదిలా వినబడింది. "చెప్పకపోవడానికి నా కారణం నాకుందండీ. అది మాత్రం మీరు అడక్కండి."

అద్దంలో ఆయన చూపు ఆమె చూపుని పట్టుకుంది. ఒకప్పుడు గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చేవాళ్ళ ముఖం చూసి మనసు చదివిన మనిషి. చదవడం మర్చిపోలేదు. ఆమె చేతిలో సూదుల వంకా, బల్ల మీద దారపు ఉండల వంకా చూశాడు. నలుగురికే తెలిసిన వేళ. నలుగురిలో ఇద్దరు పోయారు, మూడోవాడు తను. ఆయన ముఖంలో లెక్క తేలడం ఆమె చూసింది.

ఆయన నోరు తెరిచాడు.

"అడగను," అన్నాడు చివరికి. "ఈ సూదులు తియ్యమ్మా. నాకు ఊపిరాడట్లేదు."

ఒక్కొక్కటే తీసింది. కోటు భుజాల మీంచి జారగానే ఆయన బల్ల పట్టుకుని నిలబడ్డాడు. తెల్లచొక్కా వీపంతా తడిసి అతుక్కుపోయింది. మంచినీళ్ళిచ్చింది. సగం తాగి, సగం ఒలకబోసుకుని, చేతికర్ర అందుకుని గుమ్మం దాకా నడిచాడు.

గుమ్మంలో ఆగిపోయాడు. బయట ఎండ, మామూలు వీధి. ఒక కాలు ఎత్తాడు గాని గడప దాటించలేదు. వెనక్కి తిరిగి, చిన్నపిల్లవాడిలా, "ఎవరైనా ఉన్నారేమో కాస్త చూడమ్మా," అన్నాడు.

కాజాలక్క ఆయన్ని దాటుకుని మెట్టు మీదికి వచ్చింది. అటు చూసింది. ఇటు చూసింది. దూరంగా మందుల సంచీ ఊపుకుంటూ మేనల్లుడు వస్తున్నాడు.

"ఎవరూ లేరు," అంది. "వెళ్ళండి."